చలి తగ్గితేనే భయం

ఫిబ్రవరి రెండో వారం, శుక్రవారం సాయంత్రం. పల్లి చేనులోంచి స్ప్రింక్లర్ పైపులు తీసి గట్టు మీద పేరుస్తుంటే ఫోన్ మోగింది. రైతు వేదిక వాట్సాప్ గ్రూపులో మా ఏఈఓ, అంటే వ్యవసాయ విస్తరణ అధికారి, మేడం మెసేజ్ పెట్టారు. వచ్చే ఐదు రోజుల్లో జిల్లాలో అక్కడక్కడ ఉరుములు, మెరుపులతో తేలికపాటి నుంచి ఓ మోస్తరు వాన. గంటకు 30 నుంచి 40 కిలోమీటర్ల వేగంతో గాలులు. ఒకటి రెండు చోట్ల వడగళ్లు. పసుపు రంగు హెచ్చరిక. ఆ తర్వాత రాత్రి ఉష్ణోగ్రతలు మళ్లీ తగ్గుతాయని చివర్లో ఒక ముక్క.

తలకు శాలువా చుట్టుకుని, పైన మా ఆయన పాత స్వెటర్ వేసుకుని నిలబడి ఉన్నాను. ఆకాశం కడిగిన పళ్లెంలా ఉంది. నల్లమల గుట్టలు గీత గీసినట్టు కనిపిస్తున్నాయి. వాన అంటే నమ్మబుద్ధి కాలేదు.

మా ఊరు అచ్చంపేటకు పన్నెండు కిలోమీటర్లు. మా ఆయన హైదరాబాద్‌లో సెంట్రింగ్ పనికి పోతాడు, నెలకోసారి వస్తాడు. ఇక్కడ నేను, అత్తమ్మ, తొమ్మిదో తరగతి చదివే బిడ్డ. మూడెకరాల్లో పల్లి వేశాం, కదిరి-6 రకం. అక్టోబరు ఆఖర్లో విత్తాం. యాసంగిలో ఇది 110, 120 రోజుల పంట. అంటే సరిగ్గా పీకాల్సిన రోజుల్లోనే ఈ కబురు వచ్చింది. సోమవారం కూలీలకు అప్పటికే చెప్పిపెట్టాను కూడా.

పల్లి సంగతి తెలియని వాళ్లకు ఇందులో చిక్కేమిటో చెప్పాలి. పీకిన చెట్లను రెండు మూడు రోజులు చేనులోనే ఎండనిచ్చి, తర్వాత మిషన్‌లో వేసి కాయ వేరు చేస్తాం. ఆ రెండు మూడు రోజుల్లో వాన పడితే కాయ నల్లబడుతుంది, బూజు పడుతుంది. బూజు పట్టిన గింజలో అఫ్లాటాక్సిన్ అనే విషం తయారవుతుంది, అది పశువులకు పెట్టినా ముప్పే. పోనీ పీకకుండా వదిలేద్దామా అంటే కదిరి-6కు నిద్ర గుణం లేదు. పండిన కాయకు నేలలో తడి తగిలితే అక్కడే మొలకెత్తుతుంది. కాయను చెట్టుకు పట్టి ఉంచే ఊడలు మెత్తబడి, పీకేటప్పుడు చెట్టు చేతికొచ్చి కాయ మట్టిలో ఉండిపోతుంది. పైగా మాది అడవి అంచు. కాయ పండిన వాసన పందులకు మాకంటే ముందే తెలుస్తుంది. చేను చుట్టూ పాత చీరలు కట్టి, రాత్రిళ్లు టార్చ్ లైటు పట్టుకుని తిరగాలి. ఒక్క రోజు ఆలస్యమైతే ఒక రాత్రి కావలి పెరిగినట్టే.

ఆ రాత్రి అన్నం తింటూ అత్తమ్మకు మెసేజ్ చదివి వినిపించాను. ఆమె గొంగడి కప్పుకుని పొయ్యి దగ్గర కూర్చుని ఉంది.

"గీ చలిల వానెక్కడిది బిడ్డా? చలి ఉన్నన్ని దినాలు వాన రాదు. చలి తగ్గిందా, అప్పుడు చూసుకో."

ముసలామె మాట అని తీసేయలేదు. మరునాడు మేడంకు ఫోన్ చేసినప్పుడు ఇదే అడిగాను. ఆమె నవ్వి, "మీ అత్తమ్మ కరెక్టే" అన్నారు. ఉత్తరం నుంచి పొడి గాలి వీస్తున్నప్పుడు మబ్బు ఉండదు, పగలు నేల తాగిన వేడి రాత్రికి పైకి పోతుంది, అందుకే తెల్లారేసరికి వణుకు. గాలి తిరిగి తూర్పు నుంచి, అంటే బంగాళాఖాతం వైపు నుంచి వీస్తే తేమ వస్తుంది, మబ్బు కమ్ముతుంది. మబ్బు నేలకు గొంగడి కప్పినట్టే. రాత్రి ఉక్కగా ఉంటుంది. అంటే మేం భయపడాల్సింది చలికి కాదు, చలి లేని రాత్రికి.

"అక్కడక్కడ అంటే ఎన్ని చోట్ల మేడం?" అని కూడా అడిగాను. వాతావరణ శాఖ లెక్కలో దానికో కొలత ఉందట. వాన కొలిచే కేంద్రాల్లో నాలుగో వంతు లోపు చోట్ల పడితే అక్కడక్కడ. సగం లోపైతే కొన్ని చోట్ల. ముప్పావు వంతు దాకా అయితే చాలా చోట్ల.

"అయితే మూడొంతులు మాకు పడనట్టే కదా?"

"ఆ నాలుగో వంతులో మీ చేను ఉండదని రాసి లేదు కదక్కా."

నిజమే. రంగుల సంగతీ అంతే. పసుపు అంటే గమనిస్తూ ఉండండి, నారింజ అంటే సిద్ధంగా ఉండండి, ఎరుపు అంటే వెంటనే కదలండి. పీకి పరిచిన పల్లిని గమనిస్తూ కూర్చుంటే ఏమొస్తుంది? మునిగాక కూడా గమనించవచ్చు.

ఆఖరికి ఆమె ఒక్క మాట చెప్పారు, నాకు పనికొచ్చింది అదే. "ఎంత కప్పగలరో అంతే పీకించండి."

శనివారం పొద్దున చేనుకు పోయి చెట్లు పీకి చూశాను. మాది రెండు ముక్కలు. పైన ఎకరంన్నర ఎర్ర చెల్క, నీళ్లు నిలవవు. కింద కుంట పక్కన ఎకరంన్నర. మిషన్ కాకతీయ కింద కుంట పూడిక తీసినప్పుడు ఆ నల్లమట్టిని ట్రాక్టర్లతో తోలించి ఈ ముక్కలో పోయించాం. పంట బాగా వస్తుంది, కానీ నీళ్లు పడితే వదలదు. ఒక్కో ముక్కలో ఐదారు చోట్ల చెట్లు పీకి, యాభై కాయలు ఒలిచి పొట్టు లోపలి వైపు చూశాను. లోపల నల్లటి మచ్చ వస్తే కాయ ముదిరినట్టు, తెల్లగా ఉంటే లేతది. పై చెల్కలో యాభైకి నలభై ఒకటి నల్లగా ఉన్నాయి. కింద ఇరవై ఎనిమిదే. తడి ఎక్కువ ఉండటంతో కింది చేను ఇంకా పచ్చగా, పదిరోజుల వెనక ఉంది.

అంటే పీకడానికి సిద్ధంగా ఉన్నది వాన వచ్చినా తట్టుకునే చేను. వాన వస్తే మునిగే చేనేమో ఇంకా లేతది. ఏం చేయాలో తోచక గట్టు మీద కూర్చుని ఆ ఒలిచిన పల్లీలన్నీ తినేశాను.

తర్వాత తీసుకున్న నిర్ణయం ఇది. కింది చేనును ముట్టుకోవద్దు, నీళ్లు పోయే దారి మాత్రం తీయాలి. లేత కాయకు మొలక భయం తక్కువ, నీళ్లు నిలిస్తే కుళ్లు భయమే ఎక్కువ. పైది ఒక ఎకరం పీకించి, అర ఎకరం అలాగే ఉంచాలి. ఎకరమే ఎందుకంటే నా దగ్గరున్న తాడిపత్రులు, అంటే టార్పాలిన్ పట్టాలు, రెండు, అడుక్కుంటే దొరికేవి ఇంకో రెండు. నాలుగింటితో రెండు కుప్పలు కప్పగలను, అంతకంటే కాదు.

సోమవారం కాకుండా ఆదివారమే రావాలని తండాకు పోయి కూలీల గుంపు పెద్దను అడిగితే, ఆమెకు అప్పటికే నలుగురు ఫోన్ చేశారు. మెసేజ్ అందరికీ వచ్చింది కదా. రోజుకు నాలుగు వందలు అనుకున్న కూలి ఆరు వందలైంది. బేరం ఆడే మొహం నాకు లేదు. పన్నెండు మంది వస్తామన్నారు.

తాడిపత్రుల కోసం తిరగడం ఇంకో కథ. ఒకరింట్లో ఉన్నది చిల్లులది, ఇంకొకరు "మాకు కావాలి కదా వదినా" అన్నారు, అదీ నిజమే. చివరికి ఒకటి మా ఆడబిడ్డ ఇంటి నుంచి, ఒకటి ఎదురింటి వాళ్ల వరి కల్లం మీద నుంచి తెచ్చాను. నా వాటిని ఎండలో పరిచి చూస్తే ఒకదానికి ఎలుక కొరికిన బొక్క.

ఆ రాత్రి చందమామ చుట్టూ పెద్ద వలయం కట్టింది. అత్తమ్మ వాకిట్లోకి పిలిచి చూపించింది. "వరదగుడి. దగ్గర గుడి దూరపు వాన, దూరపు గుడి దగ్గర వాన. చూడు, ఎంత దూరం కట్టిందో." నా బిడ్డ సైన్స్ పుస్తకం తెలివి చూపించింది. చాలా ఎత్తున పల్చటి మబ్బులో మంచు పలుకులుంటాయట, వెన్నెల వాటిలో వంగి అలా గుండ్రంగా కనిపిస్తుందట. "అమ్మా, మన మీద కూడా మంచు ఉంటది తెలుసా, కింద పడదంతే" అంది. మంచు అంటే నాకు తెల్లారి కాయ మీద కూర్చునే తడి, రోడ్డు కనపడనీయని పొగ. మామిడి పూతలో రసం పీల్చే తేనెమంచు పురుగు కూడా గుర్తొచ్చింది. కొల్లాపూర్ వైపు తోటలున్న మా చిన్నాన్న ఆ వారమంతా దాని గురించే గోల.

ఆదివారం పొద్దున నాలుగున్నరకు లేచాను. శాలువా వెతుక్కోలేదు. వాకిట్లోకి వచ్చాక గాని తెలియలేదు, చలి లేదని. మెడ మీద చెమట. గాలి తూర్పు నుంచి మెల్లగా, తడిగా తగులుతోంది. కడుపులో తిప్పినట్టయింది.

కూలీలు ఏడింటికి వచ్చారు, సాయంత్రానికి ఎకరం పీకేశారు. కాయ పైకి, ఆకు కిందికి ఉండేలా తిరగేసి వరసలు పరిచారు. మధ్యాహ్నం అన్నాల దగ్గర ఒక అమ్మాయి ఫోన్‌లో వీడియో చూపించింది. రోడ్డు, చేలు, ఇళ్ల ముందు అంతా తెల్లగా, కాశ్మీర్ లాగా. కింద "ఈ రోజు మన జిల్లాలో" అని రాసి ఉంది. అందరూ నా మొహం చూశారు, పీకించింది నేను కదా. నాకు ఆ వీడియో ఎక్కడో చూసినట్టే అనిపించింది. 2023 మార్చిలో వికారాబాద్ జిల్లా మర్పల్లి దగ్గర వడగళ్లు పడి నేలంతా తెల్లబడినప్పటిది. అప్పుడు రాష్ట్రంలో చాలా జిల్లాల్లో పంట పోయి, ప్రభుత్వం ఎకరానికి పది వేలు ఇస్తామంది. ఎవరో దాన్ని మళ్లీ తవ్వి తీశారు. అబద్ధమని తెలిసినా, ఆ తెలుపు చూశాక నా గుండె దడ మాత్రం ఆగలేదు.

సాయంత్రం కింది చేను పని. నీళ్లు పోవాలంటే మూల మీద గట్టుకు గండి కొట్టాలి, ఆ నీళ్లు పక్కనున్న, వరసకు మామ అయ్యే ఆయన చేనులోంచే పోవాలి. ఆయన వరి నాటు వేసి ఇరవై రోజులు కూడా కాలేదు.

"నీ నీళ్లు నా మీదికి ఇడుస్తవా కోడలా?"

"మీ నీళ్లు వానకాలంలో మా మీదికి రాలేదా మామా?"

కాసేపు ఇద్దరం మౌనం. తర్వాత ఆయనే పార తెచ్చాడు. తన గట్టు పక్కగా జానెడు లోతు కాలువ తీసి అలుగు కింది వాగులో కలిపాం. వాగులో ఫిబ్రవరిలో చుక్క నీరు ఉండదు, పిల్లలు క్రికెట్ ఆడతారు. అక్కడికి వరద కాలువ తీస్తున్న మమ్మల్ని చూసి వాళ్లు బ్యాట్లు పట్టుకుని నవ్వారు.

సోమవారం ఏమీ జరగలేదు. మబ్బు వచ్చింది, పోయింది. మధ్యాహ్నం ఎండ బాగా కాసింది, పల్లి గలగలమనడం మొదలైంది. కూలీలు దొరక్క పీకించని వాళ్లు దారిలో కనిపించి, "ఏది నీ వాన?" అన్నారు. ఆరు వందల కూలి రేటు పెంచింది నేనే అన్నట్టు ఒకాయన చూశాడు. ఆ రాత్రి మిగిలిన అర ఎకరంలో పందులు పడ్డాయి. డబ్బా కొడుతూ తెల్లవార్లూ తిరిగాను. వాన రాకపోతే బాగుండు అనుకోవాల్సిన దాన్ని, వచ్చేదేదో వచ్చి పోతే బాగుండు అనుకున్నాను. అంత అలసటగా ఉంది.

వారానికి రెండుసార్లు, మంగళవారం, శుక్రవారం వచ్చే వాతావరణ బులెటిన్లలో మంగళవారంది మధ్యాహ్నం వచ్చింది. అందులోనూ అదే అక్కడక్కడ. నాకు అసలు పనికొచ్చింది మూడు ఇరవైకి వచ్చిన ఇంకో మెసేజ్. హైదరాబాద్ రాడార్‌లో కనిపించే మబ్బులను చూసి, రాబోయే మూడు గంటలకు మాత్రమే ఇచ్చే హెచ్చరిక అది. ఐదు రోజుల ముందు ఏ ఊరో చెప్పడం ఎవరి వల్లా కాదట. మబ్బు పుట్టాక మాత్రం అది ఎటు నడుస్తోందో కనబడుతుంది. పడమర చూస్తే నల్లగా కాదు, ఆకుపచ్చ కలిసిన బూడిద రంగులో ఉంది.

అప్పటి నుంచి గంటన్నర పరుగే. కుప్పల కోసం ముందే రెండు చోట్ల రాళ్లు పేర్చి, మీద కందికట్టె పరిచి ఉంచాను, నీళ్లు కింది నుంచి పోవాలని. అత్తమ్మ, ఎదురింటి వదిన, తండా నుంచి నలుగురు, బడి నుంచి యూనిఫాంతోనే వచ్చిన నా బిడ్డ. కాయ లోపలికి, ఆకు బయటికి పెట్టి గుండ్రంగా పేరుస్తూ పోయాం. మొదటి కుప్ప అయింది, తాడిపత్రులు కప్పి తాళ్లకు రాళ్లు కట్టాం. రెండోది సగం పైకి లేచేసరికి గాలి వచ్చింది. దుమ్ము కళ్లలో పడి ఏమీ కనిపించలేదు. దామిని యాప్‌లో పిడుగుల గుర్తులు మా ఊరి చుట్టూ ఎర్రగా ఉన్నాయని బిడ్డ అరిచింది. అంతే, మిగిలింది వదిలేయమన్నాను. పొలంలో ఒక్క వేపచెట్టు ఉంది, అందరి కాళ్లూ అటే పోయాయి. పిడుగుకు చెట్టు కిందే ప్రమాదం. అందరినీ తిట్టి బోరు మోటారు గదిలోకి తోలాను. ఎనిమిది మందిమి ఆ చిన్న గదిలో, స్టార్టర్ డబ్బాకు తగలకుండా.

రేకుల మీద మొదటి చప్పుడు విని ఎవరో రాళ్లు వేస్తున్నారనుకున్నాం. రేగిపండంత వడగళ్లు. ఐదారు నిమిషాలే, ఎక్కువ కాదు. చాళ్లలో తెల్లగా పేరుకున్నాయి. మంచు కాదు, కానీ కాసేపు అలాగే ఉంది. తర్వాత అరగంట గట్టి వాన.

తగ్గాక నా బిడ్డ ఒక పెద్ద గడ్డ ఏరుకొచ్చి కొడవలితో రెండు చేసింది. లోపల ఉల్లిగడ్డ లాగా పొరలు. మబ్బులో తిరుగుతూ తడి అంటుకుని గడ్డకట్టిన కొద్దీ కొత్త పొర కడుతుందట. నేను రెండో కుప్ప వైపు చూస్తున్నాను. తాడిపత్రి ఒక పక్క లేచిపోయి మామ గట్టు మీద ముళ్లకంపకు తగులుకుని ఉంది, ఆ ఎలుక కొరికిన దగ్గరి నుంచే నిలువునా చిరిగింది. కుప్పలో మూడో వంతు తడిసింది.

కింది చేనులో మోకాలి కింది దాకా నీళ్లు. మామ, నేను టార్చ్ వేసుకుని రాత్రి తొమ్మిది దాకా కాలువలో అడ్డుపడ్డ చెత్త తీశాం. వాగులో నీళ్లు పారాయి, నిజంగానే. పిల్లల వికెట్లు కొట్టుకుపోయాయి. తెల్లారేసరికి చేనులో బురద తప్ప నీళ్లు లేవు.

బుధవారం పొద్దున ఉత్తరపు గాలి. శనివారం కంటే ఎక్కువ చలి, చేతివేళ్లు వంగలేదు. శివరాత్రికి శివశివా అంటూ పోవాల్సిన చలి తిరిగొచ్చింది. అత్తమ్మ మాత్రం నిశ్చింతగా గొంగడి కప్పుకుంది. "ఇగ పో, వాన అయిపోయింది."

ఆ తర్వాతి వారం రోజులు నేర్పించింది వాన కాదు, మంచు. కుప్పలు మూసి ఉంచితే లోపల వేడెక్కి కాయ చెడుతుంది, పొద్దున్నే తెరిస్తే మంచుకు తడుస్తుంది. పది గంటలకు ఎండ పదునెక్కాక తెరవడం, నాలుగున్నరకు మళ్లీ కప్పడం. తడిసిన చెట్లను మంచివాటిలో కలపలేదు, దూరంగా బండమీద పల్చగా ఆరబోశాను. శనివారం మిషన్ పెట్టించాను, రెండూ వేరువేరుగానే. కల్లంలో ఇంకో నాలుగు రోజులు కాలితో తిరగేస్తూ ఎండబెట్టాక, చెవి దగ్గర ఊపితే గింజ మోగింది. నిల్వకు తేమ ఎనిమిది, తొమ్మిది శాతానికి రావాలి. మీటరు మా దగ్గర లేదు, చెవే మీటరు.

అమ్మకానికి తీసుకుపోతే వ్యాపారి మంచి రాశి వదిలేసి, నేరుగా నల్లబడ్డ రాశిలోనే చెయ్యి పెట్టాడు. నాలుగు కాయలు చిదిమి, వాసన చూసి, మొత్తానికి అదే ధర అన్నాడు. రెండు రాశులు వేరు అని ఎంత చెప్పినా వినలేదు. తడిసినవి వెనక్కి ట్రాలీలో వేసుకుని, మంచివి మాత్రమే తూకం వేయించాను. వెనక్కి తెచ్చినవి అత్తమ్మ, నేను ఒక్కొక్కటి ఏరాం. బూజు కనిపించిన ప్రతిదీ పొయ్యిలోకి పోయింది. పశువులకు వేద్దామని ఆమె అంది, నేను ఒప్పుకోలేదు.

పీకకుండా వదిలిన అర ఎకరం సంగతి చెప్పలేదు కదా. చెల్క నేల కాబట్టి రెండు రోజుల్లో ఆరింది. ఆ శుక్రవారమే పీకించాను, వాన పడింది కాబట్టి సులభంగా వచ్చింది, కూలి కూడా మళ్లీ నాలుగు వందలకు దిగింది. కొన్ని కాయలు మట్టిలో ఉండిపోయాయి, కొన్నింటికి తెల్లటి మొలక వచ్చింది, పందులు ఒక మూల తినేశాయి. అయినా పెరిగిన కూలి, చిరిగిన తాడిపత్రి, తడిసిన కాయ అన్నీ లెక్కేసి ఎకరానికి ఎంత అని చూస్తే, అంత హడావుడి చేసి పీకించిన దానికీ, వదిలేసిన దానికీ పెద్ద తేడా రాలేదు. లెక్క రెండుసార్లు చేశాను.

లెక్క అయ్యాక వచ్చిన ఆదివారం మా ఆయన ఫోన్‌లో ఇదే అన్నాడు. "ఉంచినా అంతే అయ్యేది కదా. ఎందుకు గంత ఆగం చేసినవ్?"

"మంగళవారం నాలుగింటికి నువ్విక్కడ లేవు" అన్నాను.

అతను ఏమీ అనలేదు. చిరిగిన తాడిపత్రికి బదులు కొత్తది కొనాలి, అచ్చంపేట సంతకు పోయేటప్పుడు డబ్బులు పంపమని చెప్పి ఫోన్ పెట్టేశాను.